ప్రయాణములయందు కాఫీ సాధనములు

మన యాంధ్రుల యిండ్లలో తెల్లవాఱినతోడనే కాఫీ లేనిదే పని సాగదు. ఇది మంచి యలవాటా, చెడ్డ యలవాటా యను వాదము పెద్దల కాలమునుండియు జరుగుచునే యున్నది. ఆ వాదమును మేమిందు తలపెట్టుట లేదు. ఇంట నున్నప్పుడు ఫిల్టరు, పాలగిన్నె, పొయ్యి అన్నియు చేతి కందుబాటులో నుండును గావున చిక్కు లేదు. ఇల్లు కదలి నాలుగు దినములు ప్రయాణము చేయవలసి వచ్చినపుడే చిక్కంతయు. రైలులోను, సత్రములోను, కొండమీది విడిదిలోను, పిల్లల శిబిరములోను ప్రాతఃకాలమున మామగారికి కాఫీ ఎట్లు? అత్తగారికి ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన భారము ఇల్లాలిదేయని లోకమంతయు అనుకొనుచున్నది. ఇల్లాలికి కాఫీ ఎవరిత్తురని అడుగువారు మాత్రము అరుదు.

మేము కాపురముండునది కాచిగూడ. 1916వ సంవత్సరమున నిర్మింపబడిన మా స్టేషను గుమ్మటములు మా మేడమీదినుండి కనబడును. రాత్రివేళ తిరుపతికి పోవు వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు నందుకొనుటకై పిల్లలను, సంచులను మోసికొని పోవు కుటుంబములను చూచుట మాకు నిత్యకృత్యము. 1907 నాటి నాంపల్లి స్టేషనును మాకు ఎక్కువ దూరము కాదు. మా నగరము చాయకు పేరొందినది. అబిడ్సులోను, నాంపల్లిలోను ఇరానీ చాయకై వెదుకవలసిన పని లేదు. మంచి ఫిల్టరు కాఫీకి మాత్రము ఇప్పటికిని త్రోవ యడిగి పోవలసియుండును. అందుచేతనే కాబోలు, ఇక్కడి కాఫీ ప్రియులు ఊరు దాటునప్పుడు తమ సాధనములను తామే వెంటగొని పోవుదురు. బేగంబజారు పాత్రల యంగళ్ళకు పోయినచో ఇద్దఱికి చాలు చిన్న ఫిల్టరు మొదలు పెండ్లివారికి చాలు పెద్ద ఫిల్టరు వఱకు వరుసగా పేర్చి యుండును. అందేది ప్రయాణమునకు తగును, ఏది తగదు అను విషయమును మా యనుభవమున కందినంతవఱకు సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

నిప్పును గూర్చి ముందుగా

మా అత్తగారు తమ చిన్ననాటి కాశీయాత్ర ముచ్చట తఱచు చెప్పుచుందురు. వారి తండ్రిగారు రైలుపెట్టెలోనే కిరసనాయిలు స్టవ్వు వెలిగించి అందఱకును కాఫీ కాచి యిచ్చెడివారట. మేము తిరుపతి ప్రయాణము తలపెట్టినపుడు వారు మమ్ము పిలిచి, "చిన్న స్టవ్వు ఒకటి పెట్టుకో అమ్మాయీ. తెల్లవారుజామున కాఫీ పడకపోతే మీ మామగారికి తలనొప్పి వస్తుంది. మేము కాశీదాకా అట్లాగే పోయి వచ్చాము, ఏమయింది?" అనిరి.

పెద్దవారి మాటకు మేము ఎదురు చెప్పలేదు. 2023 ఆగస్టు 26వ తేదీనాటి మధురై వార్తను మాత్రము చదివి వినిపించితిమి. లక్నోనుండి యాత్రకై బయలుదేరిన వారి పెట్టె యొకటి మధురై స్టేషనువద్ద విడిగా నిలిపియుండెను. తెల్లవాఱుజామున అందఱును నిద్రలో నుండగా, కొందఱు తాము రహస్యముగా తెచ్చుకొన్న గ్యాసు పొయ్యిని కాఫీకై వెలిగింపబోగా మంటలు చెలరేగి తొమ్మండుగురు మరణించిరి. వారును మనవలెనే తీర్థయాత్రకు వచ్చినవారు. మనవలెనే తెల్లవాఱుజామున ఒక గ్రుక్కెడు వేడి కాఫీ కోరినవారు. మా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "ఆ కాలంలో భగవంతుడు కాపాడినాడు, అంతే. స్టవ్వు వద్దులే" అనిరి.

గ్యాసు సిలిండరు, కిరసనాయిలు, స్పిరిటు మున్నగు మండెడు వస్తువులను రైలులో కొనిపోవుట 1989 నాటి రైల్వేల చట్టము 164వ సెక్షను ప్రకారము నేరము; మూడు సంవత్సరముల వఱకు కారాగారశిక్ష పడవచ్చును. శిక్షకు భయపడి కాదు, ప్రక్క బెర్తులో నిద్రించు పరాయి పిల్లల ముఖము చూచియైనను మనమీ పని మానవలయును. విద్యుత్తు కెటిలును రైలులో పెట్టుటయు నిషిద్ధమే. పెట్టెలలోని ప్లగ్గులు సెల్‌ఫోనులకును, లాప్‌టాపులకును ఉద్దేశింపబడినవి. నీరు కాచు సాధనము లాగునంతటి విద్యుత్తును ఆ తీగలు మోయజాలవు. తీగలు వేడెక్కినచో నిప్పు పుట్టుటకు స్టవ్వే యుండనక్కఱలేదు.

భారతమున నలమహారాజు బాహుకుడను పేర వంటవాడై యున్నప్పుడు, ఆయన చూచినంతనే కుండలు నీటితో నిండెననియు, గడ్డిపరకను ఎండకు చూపినంతనే నిప్పు పుట్టెననియు దమయంతి పరిచారిక కేశిని కనిపెట్టి చెప్పెను. ప్రయాణమున వండువారికి అంతకంటె కావలసినదేమి? ఆ వరములు మనకు లేవు గావున, ఇంటివద్దనే కాచిన నీటిని ఫ్లాస్కులో పోసికొని పోవుటయే మనకు మార్గము.

ఫ్లాస్కు

జేమ్సు డీవారను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1892లో దీనిని కనిపెట్టెను. ఆయన కాఫీ కొఱకు కనిపెట్టలేదు. ద్రవముగా మార్చిన వాయువులను చల్లగా నిలుపుటకు కనిపెట్టెను. 1904లో జర్మనులు దీనిని ఇండ్లలో వాడుకకు తెచ్చిరి. ఒకదానిలో నొకటిగా రెండు గోడలు, నడుమ గాలి తీసివేసిన ఖాళీ — ఇంతే దీని రహస్యము. గాలి లేనిచోట వేడి దాటిపోవుటకు ఆధారముండదు. గాజుబుడ్డికి లోపల వెండిపూత యుండుటచే కిరణరూపమున పోవు వేడియు వెనుకకు మఱలును. మిగిలిన దారి మూత యొక్కటే. కావుననే మూత వదులైన ఫ్లాస్కు ఎంత ఖరీదైనను నిరుపయోగము.

గాజుబుడ్డి గలది చవుక గాని రైలు కుదుపునకును, పిల్లల చేతికిని నిలువదు. ప్రయాణమునకు ఉక్కుదే మేలు. నీరు పోయుటకు ముందు పది నిమిషములు వేడినీటితో నింపి పాఱబోసి, పిదప తెర్లుచున్న నీటిని నిండుగా పోయవలయును. సగము నింపిన ఫ్లాస్కు త్వరగా చల్లాఱును. ఈ విధముగా రాత్రి ఏడు గంటలకు పోసిన నీరు మఱునాడు కడప దాటిన పిదపగూడ మాకు గ్లాసు పట్టరానంత వేడిగా నుండెను.

ఇచట నొక హెచ్చరిక. పాలను ఫ్లాస్కులో పోసి రాత్రియంతయు ఉంచరాదు. వేడి 60 డిగ్రీలకు దిగువకు పడినపిదప ఆ గోరువెచ్చని పాలలో సూక్ష్మక్రిములు బహుశీఘ్రముగా పెరుగును. పాలు విఱిగినచో మనకు తెలియును. విఱుగక మునుపే చెడినచో తెలియదు. పసిపిల్లలున్న వారు ఈ మాట మఱవరాదు. నీటిని ఫ్లాస్కులోను, పాలపొడిని డబ్బాలోను వేఱువేఱుగా కొనిపోవుటయే క్షేమము. పాలపొడిని ముందు కొద్ది గోరువెచ్చని నీటితో ముద్దగా కలిపి, పిదప వేడినీరు పోసినచో ఉండలు కట్టదు.

మన ఫిల్టరు

లోకమున నెన్ని యంత్రములు వచ్చినను మన రెండంతస్తుల ఫిల్టరునకు సాటివచ్చునది తక్కువ. దానికి విద్యుత్తు వలదు, కాగితము వలదు, విఱుగుటకు గాజు లేదు. పై గిన్నె అడుగున సన్నని చిల్లులు, పొడిని అదుముటకు కాడగల గొడుగు, క్రింద డికాక్షను దిగు గిన్నె, మీద మూత. పూర్వము ఇత్తడివి వాడిరి. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలువి సర్వత్ర దొరకును. మా అమ్మమ్మగారు ప్రయాణములకు నీటికై మరచెంబును కొనిపోవుచుండిరి. దాని మూతవలె ఫిల్టరు మూతకును మర యుండినచో ఎంత బాగుండునని మేము పలుమాఱు తలచితిమి. అది లేదు గావున, ఫిల్టరును లోతైన క్యారియరు గిన్నెలో నిలిపి చుట్టును తుండుగుడ్డ దోపవలయును. అప్పుడు రైలు ఎంత ఊగినను అది ఒరగదు.

బయలుదేరునప్పుడే పై గిన్నెలో పొడి వేసి గొడుగుతో అదిమి మూతపెట్టి గుడ్డతో కట్టుకొన్నచో తెల్లవాఱుజామున చీకటిలో పొడి ఒలుకు బాధ తప్పును. నలుగురికి 30 గ్రాముల పొడి, సుమారు 160 మిల్లీలీటర్ల నీరు చాలును. పొడి తన బరువునకు రెండింతల నీరు తానే త్రాగును. కావున క్రిందికి దిగునది 100 మిల్లీలీటర్లు. మనిషికి 25 మిల్లీలీటర్ల డికాక్షను, దానికి నాలుగింతల పాలు. నీటిని ఒక్కమాఱుగా కుమ్మరింపక, ముందు కొద్దిగా పోసి పొడి తడిసినపిదప మిగిలినది పోయవలయును. డికాక్షను దిగుటకు పావుగంట, ఇరువది నిమిషములు పట్టును. ఆ సమయమున పిల్లల ముఖములు కడిగింపవచ్చును.

ఒక రాత్రి ప్రయాణమే యైనచో, ఇంటివద్దనే చిక్కని డికాక్షను తీసి చిన్న ఉక్కుసీసాలో పోసికొని పోవుటయు నొక పద్ధతి. సువాసన కొంత తగ్గును గాని పని బహు తేలిక.

విదేశపు సాధనములు

జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున మెలిట్టా బెంట్జు అను నొక గృహిణి యుండెను. కాఫీలో మడ్డి వచ్చుట ఆమెకు సరిపడలేదు. ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, తన కుమారుని వ్రాతపుస్తకములోని అద్దుడు కాగితమును అందు పఱచి కాఫీ వడకట్టి చూచెను. తేటయైన కాఫీ దిగెను. 1908లో ఆమె దానికి పేటెంటు పొంది వ్యాపారము సాగించెను. లోకమంతట నేడు వాడుకలోనున్న కాగితపు ఫిల్టరునకు మూలము ఒక ఇల్లాలి వంటగది యని తెలిసికొనుట మనకు సంతోషదాయకము. దాని సంతతియే ఇప్పుడు అంగళ్ళలో దొరకు చిన్న కాగితపు సంచులు: లోపల ఒక్కరికి సరిపడు పొడి, ఇరువైపుల గ్లాసు అంచున తగిలించు అట్టచెవులు. సంచి నోరు చించి వేడినీరు పోసిన చాలును. కడుగు పాత్ర యుండదు. దిగునది పలుచని కాఫీ గావున చిక్కని పాలకాఫీ కోరువారికి రుచింపకపోవచ్చును.

ఇటలీలో 1933లో బియలెట్టి యనునతడు తెచ్చిన మోకా పాత్ర మఱియొకటి. క్రింది గదిలో నీరు కాగి ఆవిరి ఒత్తిడిచే పొడిగుండ పైకెగసి మీది గదిలో డికాక్షనుగా నిలుచును. ఐదు నిమిషములలో చిక్కని డికాక్షను వచ్చును. పాలతో చక్కగా కలియును. కాని దీనికి మంట కావలయును గావున రైలునకు పనికిరాదు. విడిదిలో పొయ్యి యున్నచోటనే పనికివచ్చును. ప్రక్కన నుండు చిన్న ఆవిరి మరను ఎన్నడును మూయరాదు. క్రింది గదిలో పాలు పోయరాదు.

అమెరికాలో ఆలన్ ఆడ్లర్ 2005లో తెచ్చిన ఏరోప్రెస్ అనునది పెద్ద పిచికారీవంటిది. గొట్టములో పొడి, వేడినీరు వేసి కలిపి ఒకటి రెండు నిమిషములకు చేతితో అదిమినచో కాఫీ గ్లాసులోనికి దిగును. విఱుగదు, తేలిక, కడుగుట సులభము. ఫ్లాస్కులో నీరున్నచో రైలులోనైనను చేయవచ్చును. అదుమునప్పుడు మాత్రము బండి నిలిచియుండుట మంచిది! ఖరీదు మన ఫిల్టరునకంటె ఎన్నో రెట్లు. ఒంటరిగా తిరుగు ఉద్యోగినులకు తగును. ఎనమండుగురు గల కుటుంబమునకు తగదు.

పొడి సంగతి

సాధనమెంత మంచిదైనను పొడి పాతదైనచో ఫలము లేదు. ప్రయాణమునకు ముందుదినముననే గింజలు పొడిచేయించి గాలి చొరని డబ్బాలో నింపవలయును. చికోరీ యనునది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. అది రంగును చిక్కదనమును ఇచ్చును గాని అందు కెఫీను లేదు. మన దేశమున చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదని నియమము; ఎంత కలిపిరో డబ్బాపై వ్రాసియుండును, చదివి కొనుడు. చికోరీ మిక్కుటమైనచో పొడి ఉబ్బి డికాక్షను ఆలస్యముగా దిగును. ప్రయాణమున కది చిక్కే. అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ కొండలలోని గిరిజన కుటుంబములు పండించు గింజను వాడుట మన తెలుగువారి శ్రమను మనము గౌరవించుటయే.

ఇన్‌స్టంటు కాఫీని చిన్నచూపు చూచువారు కలరు. మేమట్లు చూడము. పసిబిడ్డ చంకనుండగా నొంటరిగా ప్రయాణించు తల్లికి చెంచాడు పొడి, గ్లాసెడు వేడినీరు చాలునన్నది సామాన్యమైన ఉపకారము కాదు. మన గుంటూరు సీమయందు దుగ్గిరాలలో 1990లనుండి ఇన్‌స్టంటు కాఫీ తయారుచేయు పెద్ద కర్మాగారము కలదు; అచటి సరకు అనేక దేశములకు ఎగుమతి యగుచున్నది. దూరదేశమున ఎవరో త్రాగు కాఫీ మన దుగ్గిరాలలో పుట్టినదై యుండవచ్చును.

శిబిరములలో

మా యింటివారు ఉపాధ్యాయులు. సెలవులలో బాలురను వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలకు, మూసీనది పుట్టినచోటికి, కొనిపోవుచుందురు. బాలురకు రాగిజావ, కాఫీ ఉపాధ్యాయులకు మాత్రమే. ఆఱుబయట అంతమందికి ఫిల్టరుతో పని జరుగదు. లీటరు నీటికి 60 గ్రాముల చొప్పున పొడి తీసికొని, నీరు తెర్లినపిదప గిన్నెను మంటమీదినుండి దింపి పొడి వేసి కలిపి మూతపెట్టి నాలుగు నిమిషములు ఉంచవలయును. పిదప చారెడు చన్నీరు చిలుకరించినచో మడ్డి అడుగునకు దిగును. ఉదికిన పలుచని గుడ్డతో వడకట్టిన చాలును. మంటమీదనే పొడిని మఱిగించినచో చేదెక్కును.

వేసవియందు అడవిలో ఎండుటాకులు పరుపువలె నుండును. పొయ్యి వేయుచోట నేల చక్కగా ఊడ్చి, రాళ్ళు పేర్చి, ప్రక్కన బిందెడు నీరుంచుకొనవలయును. పని ముగిసినపిదప ఆ నీటితో నిప్పును పూర్తిగా ఆర్పవలయును. చిన్న గ్యాసు స్టవ్వుగాని, కుంపటిగాని డేరాలోపల వెలిగింపరాదు. బొగ్గుపులుసు వాయువు వేఱు. కార్బన్ మోనాక్సైడు వేఱు. ఈ రెండవది రంగు, వాసన లేక మనిషిని నిద్రలోనే చంపును. చలికి డేరా మూసికొని కుంపటి పెట్టుకొనుట మరణమును పిలుచుటయే.

కొండలెక్కువారు మఱియొకటి తెలిసికొనవలయును. ప్రతి 300 మీటర్ల ఎత్తునకు నీరు మఱుగు వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గును. మా హైదరాబాదులో 98 డిగ్రీల వద్ద మఱుగు నీరు, 3,500 మీటర్లకు పైనున్న కేదారనాథమున 88 వద్దనే మఱుగును. అచట ఎంత తెర్లించినను డికాక్షను పలుచనగుటకు కారణమిదియే. పొడి కొంచెమెక్కువ వేసి, నానుటకు ఎక్కువ సేపు ఉంచిన సరిపోవును.

సముద్రము దాటి పోవువారు

కోడలి పురిటికో, కూతురి పురిటికో అమెరికా పోవు తల్లులు ఇప్పుడు వీథి వీథిని కలరు. మన విద్యుత్తు 230 వోల్టులు, అచటిది 120. మన కెటిలు అచట నాలుగవవంతు బలముతోనే పనిచేయును. గ్లాసెడు నీటికి ఇంటికంటె ఎంతో ఎక్కువసేపు కనిపెట్టుకొని కూర్చుండవలయును. మన ఫిల్టరునకు ఆ చిక్కు లేదు. 2018నుండి ఆ దేశమునకు పోవు విమానములలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను చేతిసంచిలో పెట్టినచో ప్రత్యేకముగా సోదా చేయుదురు. కావున కాఫీపొడిని పెద్దపెట్టెలోనే పెట్టుడు.

సంచి సర్దుట, పని పంచుట

నలుగురు గల కుటుంబమునకు మేము సర్దు సంచి యిది: లీటరు ఉక్కు ఫ్లాస్కు ఒకటి, చిన్న ఫిల్టరు ఒకటి, దానిని నిలుపుటకు క్యారియరు గిన్నె, కాఫీపొడి డబ్బా, పాలపొడి డబ్బా, పంచదార లేక బెల్లపు పొడి, పొడవు చెంచా ఒకటి, నాలుగు ఉక్కు గ్లాసులు, రెండు తుండుగుడ్డలు, మడ్డి వేయుటకు మూతగల డబ్బా. మడ్డిని కిటికీలోనుండి విసరివేయుట అనాగరికము. దీని బరువు ఒక బిడ్డ పుస్తకాల సంచికి మించదు.

ఇన్నియు చెప్పి అసలు మాట చెప్పకున్నచో వ్యాసము కొఱత పడును. ఇందలి సాధనములలో ఏదియు ఆడుదాని చేతనే పనిచేయునట్టిది కాదు. నిప్పు లేదు, గంజి వార్చుట లేదు, తాళింపు లేదు. వేడినీరు పోయుట, వేచియుండుట, కలుపుట — అంతే. పదేండ్ల బాలుడైనను పెద్దల యెదుట చేయగలడు. ఇంట నున్నన్నాళ్ళు ఇల్లాలు అందఱకంటె ముందు లేచును. ప్రయాణమందైనను ఆమె ఒక గంట ఎక్కువ నిద్రించినచో పోవునదేమి? మా యింట ఇప్పుడు ఏర్పఱచుకొన్న నియమమిది: రాత్రి ఫ్లాస్కు నింపుట మా పని, ఉదయము ఫిల్టరు పోయుట మా యింటివారి పని, గ్లాసులు కడుగుట పిల్లల పని. మొదట మామగారు కొంచెము సంకోచించిరి. ఇప్పుడు పాలపొడి కలుపుటలో తమకు మించినవారు లేరని వారే చెప్పుకొనుచున్నారు.

సోదరీమణులారా, మీ రాబోవు ప్రయాణమునకు స్టవ్వును ఇంటనే విడిచి, ఫిల్టరును మఱువక, సంచిని సర్దుకొనుడు. సర్దునప్పుడే ఏ వస్తువు ఎక్కడ నున్నదో మీ వారికిని, పిల్లలకును ఒకమాఱు చూపి యుంచుడు. తెల్లవాఱి కన్ను తెఱచునప్పటికి కాఫీ గ్లాసు మీ చేతికి వచ్చుటకు అదియే మొదటి మెట్టు.